ఫోనులో అంతా పచ్చగానే ఉంది

చెరువు గట్టు మీద వదిన, పట్నంలో ఆఫీసు మెట్ల మీద మరిది. మధ్యలో ఫోను.

“…మీ అన్నయ్య సంగతి ఏం చెప్పమంటావు? పొద్దుటి నుంచి గట్టు మీద కూర్చుని నోరు తెరిస్తే ఒట్టు. ఆ లోటు చేపలు తీరుస్తున్నాయి. అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.”

“మేత కోసం వచ్చుంటాయి వదినా.”

“మేత వేశాను. ముట్టలేదు.”

“ఇప్పుడే చూశాను. ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది. ఫోనులో అంతా పచ్చగానే ఉంది.”

“ఇక్కడ తెల్లగా ఉంది నాయనా. పొట్టలు పైకి.”

“ఎన్ని?”

“ముందు నీళ్ళు కనబడాలిగా.”

“వేళాకోళం వద్దు వదినా. వచ్చే వారం వల వెయ్యాలి. రెండిళ్ళూ దాని మీదే ఉన్నాయి.”

“వేళాకోళమైతే ఎంత బాగుండును.”

“చెరువులో గాలి ఫ్యాన్లు తిరుగుతున్నాయా?”

“ఇప్పుడు నాలుగూ తిరుగుతున్నాయి. చచ్చినవాటికి గాలి బాగా తగులుతోంది.”

“ఇప్పుడు సరే, రాత్రి?”

“ఒక్కటే. కరెంటు దండగ, ఆక్సిజన్ తగ్గి ఫోను మోగితేనే తక్కిన మూడూ వెయ్యమన్నది నువ్వేగా. మోగలేదు, వెయ్యలేదు. మబ్బు పట్టింది, వేద్దామా అని నేనంటే, ‘వద్దులే, వాడు ఊరుకోడు’ అన్నారు మీ అన్నయ్య.”

“మోగలేదంటే అవసరం లేదనేగా? మొన్నటిదాకా రోజూ మోగేది.”

“అది మోగినప్పుడల్లా నువ్వూ మోగేవాడివి.”

“మోగక? చెరువు పక్కనే ఉండి చూసుకోలేకపోతే ఎలా అన్నాను. తప్పా?”

“తప్పని ఎవరన్నారు? మీ అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోయేవారు, అంతే.”

“సరే సరే. లోతు మూలలో సెన్సారు కర్రకి కట్టే ఉందా? నాచు పట్టిందేమో చూడు.”

“ఉండు… కర్ర ఉంది. సెన్సారు లేదు.”

“లేకపోవడమేమిటి? నాకిక్కడ అంకెలు వస్తుంటేనూ.”

“ఏమండీ, సెన్సారేదీ? …ఏమండీ, మిమ్మల్నే.”

“ఏమంటున్నాడు?”

“అనడం లేదు. చెయ్యి చూపిస్తున్నారు. రాత్రంతా తిరిగిన ఫ్యాను లేదూ, దాని పక్కనే వేలాడుతోంది.”

“దాని పక్కనా? అక్కడ నీళ్ళు చిలికినట్టుంటాయి. చెరువంతా చస్తున్నా అక్కడ ఆక్సిజన్ బాగానే కనిపిస్తుంది. ఎవరు కట్టారక్కడ?”

“ఎవరు కడతారు నాయనా? ఇక్కడున్నది మేమిద్దరమే.”

“వదినా, ఫోను అన్నయ్యకివ్వు.”

“తిడతావా?”

“ఇవ్వు.”

“ఏమండీ, మీ తమ్ముడు.”

“అన్నయ్యా?”

“నేనే కట్టానురా. మోగకపోతే నువ్వు అరవవు కదా అని. తప్పు చేశాను.”