అక్కయమ్మ పిండికట్టు

నిలుపప్పా, నిలుపు! ఆ రంపాన్ని యాడ పెడతా ఉండావు? చెయ్యి గదా అది, చింతమొద్దా?

ఏందీ? తిరగదా? ఊరికే అదురుతుందా? సరే, నీ అరచేతిమీద పెట్టి చూపించినావు, తెగలేదు, చూసినాను. నీ సంగతి వేరే గిరీశప్పా. దినామూ ఈ ఆస్పత్రిలో కట్లు కోసేవాడివి. నాకిదే మొదలు. ఆ పెద్ద కత్తెరతో కొయ్యరాదా? పిండి గట్టిపడిందా? అయితే నీళ్లలో నానబెట్టు, కూర్చోనుంటాను. నాకేం తొందర!

ముందు ఆ తలుపు మూయప్పా. బెంచీమీద నెరిసిన మీసాలాయన ఉండాడే, ఆయనే మా ఇంటాయన, చిన్నవెంకటప్ప. బంగారు గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఈ శబ్దం చెవిన పడితే లేచి బస్టాండు దాకా పోతాడు.

గని మూసినంక బేతమంగళ ఊర్లో ఆవును పెట్టుకున్నాము. పాలు నేను పిండుతాను, గడ్డి ఆయన తెస్తాడు. మాట మాత్రం లేదు. సంగటి పెట్టు, తలుపు ఎయ్యి, అంతే. గోడతో కాపురం చేసినట్టే అనుకో!

ఆ ఆవేమో తాడు గుంజి నన్ను పడేసి చెయ్యి ఇరగ్గొట్టె. ఇంగ నా తల ఎవరు దువ్వాల? ఇంట్లో మేమిద్దరమే గదా. ఆయనే దువ్వెన పట్టినాడు. ఆ జడ చూసి పక్కింటి తాయమ్మ పడీపడీ నవ్వింది. నవ్వనీ!

ఎనకాల కూర్చుంటాడా, నా మొగం కనబడదు. దానికేనేమో, నోరు తెరిచినాడప్పా. గని లోపల రాయి పడి, ఈయన పక్కన పనిచేసే మునిశామప్ప పోయినాడే, ఆ పొద్దు వాని చెయ్యి ఈయన చేతిలోనే ఉన్నిందంట. నీళ్లు అడిగినాడంట. ఇన్నేండ్లలో నాకొక్క ముక్క చెప్పలే! చెప్తా చెప్తా దువ్వెన నిలిపేసినాడు. నేను ఎనక్కి తిరగలే. తిరిగితే ఆపేస్తాడని భయం.

అయ్యో, మొదలుపెట్టేసినావా! పండ్లు జివ్వుమంటా ఉండాయి... వేడప్పా, వేడి! ఆపి ఆపి కొయ్యి... ఇంగ ఆ పట్టకారు దేనికి? సందులో పెట్టి ఎడంగా తీస్తావా? మెల్లిగా... ఆఁ.

అయిపోయిందా? ఇదా నా చెయ్యి? ఎండుపుల్ల మాదిరి ఉండాదే! చర్మమంతా పొట్టు రాలతా ఉండాది. వేళ్లాడించాలా? ఇదో. మడిచేదా? ఇదో, మడిచినా. నొప్పా? ఏం లేదు.

తలుపు తియ్యి. అరె, పోలేదే! చూడప్పా, చొక్కా అంతా చెమట, అయినా ఆ బెంచీమీదే ఉండాడు... రాయ్యా, రా. అయిపోయింది. ఏమంటా ఉండావు? ఇంగ జడ నేనే ఏసుకుంటానా అంటావా?

గిరీశప్పా, ఇట్ల రా, చెవిలో మాట. ఈ చెయ్యి ఇంగా కొన్నాళ్లు పైకెత్తరాదని ఆయనకు గట్టిగా చెప్పు. నవ్వద్దప్పా! నొప్పేం లేదు, నీకాడ దాచేదేముండాది.

ఆయన ఇంగా సగమే చెప్పినాడు.