అడవిదున్నకు నొప్పి పుట్టదు

గుంటూరు మిర్చి యార్డు వెనక రేకుల షెడ్డు. మధ్యాహ్నం. మాలిక్ మిర్చి గోతాల మూతులు కుడుతున్నాడు. ఎదురుగా, బోర్లించిన బకెట్టు మీద, పానకాలు కూతురు శ్రీరమ్య.

"కాదు బాబాయ్, నువ్వు మాట మార్చకు. మా నాన్నకి ఆ పేరు ఎవరు పెట్టారు?"

"ఏ పేరు?"

"అడవిదున్న."

"ఓ, అదా! అదెప్పటి మాటమ్మా. మా కబడ్డీ జట్టులో అందరికీ ఉండేయి. నేను ముంగిస. ఒంగోలు యలమందయ్య ఉడుము, కాలు పట్టాడంటే వదిలేవాడు కాదు. కూతకెళ్లే శివనాగరాజు జెర్రిపోతు. టీ చెప్పనా? ఈ ఘాటుకి గొంతు పట్టేసుద్ది."

"టీ వద్దు. ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టా. అయితే ఏంది ఇప్పుడు?"

"ఎందుకు పెట్టావు?"

"ఎందుకేంది? మిర్చి టిక్కీలు, అదే నిండు బస్తాలు, వరసగా పేర్చి ఉంటే, తలతో కుమ్మి అవతలికి తోసేవాడు. యార్డంతా పని ఆపి చూసేది. ఆటలోనూ అంతే. కూతకొచ్చినోణ్ణి చేతుల్తో పట్టేవాడు కాదు, తల వంచి గుండెల్లో గుద్దేవాడు. వాడు ఎగిరి గీత అవతల పడేవాడు. మైకులో 'అడవిదున్న పానకాలు!' అంటే జనం ఈలలే ఈలలు."

"తలతోనా, ప్రతిసారీ?"

"తలతోనే. లేకపోతే ఆ పేరెందుకొచ్చింది?"

"మా ఆఫీసులో నేనేం చేస్తానో తెలుసా బాబాయ్?"

"తెలవకేం? మీ నాన్న చెప్పేవాడుగా. యార్డుకొచ్చిన ప్రతి రైతుకీ చెప్పేవాడు."

"ఏమని?"

"'మంగళగిరిలో మా అమ్మాయికి అమెరికా వాళ్ల ఆట చూడ్డమే పని, దానికే జీతమిస్తారు' అని. ఒక్కడూ నమ్మేవాడు కాదనుకో."

"నిజమే. అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు లాంటి బంతి చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తుతాడు, మిగతావాళ్లు మీద పడతారు. ఎవడు ఎవణ్ణి గుద్దాడు, భుజం తగిలిందా తల తగిలిందా, వీడియో ఆపి ఆపి గుర్తులు పెట్టాలి. పక్కన వాళ్ల పేర్లుంటాయి. జనం పిలుచుకునే పేర్లు కూడా. ఎద్దు, ఎలుగుబంటి, ఖడ్గమృగం, చిరుత. మొదట్లో తెగ నవ్వుకున్నా, అచ్చం మా నాన్న జట్టేనే అని."

"ముంగిస ఉన్నాడా అక్కడ?"

"లేడు. నన్ను నవ్వించకు, నేను నవ్వటానికి రాలా. ఎద్దు అని ఒకాయన ఉన్నాడు. పదమూడేళ్లు ఆడాడు. ఆట మానేశాక వెలుతురు చూడలేకపోయేవాడంట. కిటికీలకి దుప్పట్లు కట్టుకునేవాడంట. ఉన్నట్టుండి కేకలేసేవాడు. తూలేవాడు. ఇంటి దారి మర్చిపోయేవాడు. చచ్చిపోయాక మెదడు పరీక్ష చేస్తే, అన్నేళ్ల దెబ్బలకి లోపలంతా పాడైపోయి ఉందంట."

"ఆ దబ్బనం ఇటివ్వు. నీ కాలి దగ్గర పడింది."

"వింటున్నావా బాబాయ్?"

"వింటున్నా."

"మా నాన్న కళ్లకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. లైటేస్తే కంచం విసిరేసేవాడు. మా వీధి మర్చిపోయి రెండుసార్లు ఎవరింటికో వెళ్లి తలుపు కొట్టాడు. వాళ్లు తిడితే..."

"తాగుడమ్మా అది. తాగితే అట్టానే ఉంటది."

"తాగేవాడు, కాదన్లా. వాసన నేనే చూశా. కానీ తూలటం ముందొచ్చింది బాబాయ్, తాగుడు తర్వాతొచ్చింది. నాకు బాగా గుర్తు. నేను డిగ్రీ చదివేటప్పుడే తూలేవాడు. అప్పుడు వాసనే లేదు."

"పోయిన మనిషిని తవ్వుకుని ఏం చేస్తావమ్మా?"

"రేపు సంవత్సరీకం. ఆయన ఫొటో ఇంకా పెట్టెలోనే ఉంది, బోర్లించి. అమ్మ గోడకి పెడదామంది. నేనే వద్దన్నా. తాగి బస్టాండులో పడి చచ్చిన మనిషికి దండెందుకన్నా. అమ్మ ఒక్క మాట కూడా అనలా."

"శివపార్వతి వదిన అనదు. నిన్నెప్పుడూ అనదు."

"అనుంటే బాగుండేది. ఇంకోటి చెప్పనా? ఇది అమ్మకి కూడా తెలీదు. ఆ రోజు బస్టాండు నుంచి నాకు ఫోనొచ్చింది. ఎవరో పెద్దాయన. 'మీ నాన్నంటమ్మా, ఇక్కడ పడిపోయి ఉన్నాడు, జేబులో నీ నెంబరుంది' అన్నాడు."

"నీకా? నీకు ఫోనొచ్చిందా?"

"'తాగాడా?' అనడిగా. 'వాసనొస్తందమ్మా' అన్నాడు. 'అయితే మత్తు దిగాక ఆయనే వస్తాడులెండి' అన్నా. పెట్టేసి పని చేసుకున్నా బాబాయ్. రెండు గంటలు. ఎవడో ఖడ్గమృగం ఎవణ్ణో గుద్దితే, తల తగిలిందా లేదా అని చూస్తూ కూర్చున్నా. తాగినోడేలే అని అక్కడ ఎవరూ లేపలా. ఇక్కడ నేనూ లేపలా."

"ఊరుకో. ఊరుకో తల్లీ. నీకేం తెలుసు? ఎవరికైనా అట్టానే అనిపిస్తది."

"నాకు ఏడుపు కూడా రాలేదు బాబాయ్ అప్పుడు. పరువు పోయిందనిపించింది. ఇప్పుడొస్తోంది, సంవత్సరం పోయాక."

"నీళ్లు తాగు. ఆ సీసా చల్లగానే ఉంది, తాగు."

"రేపు నువ్వు రావాలి. అందరి ముందు చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"అద్దంకి ఫైనల్లో ఏం జరిగిందో."

"అద్దంకా? ఎప్పటి అద్దంకి? పంతొమ్మిదేళ్లయింది. నాకేం గుర్తులేదు."

"నాకుంది. ఫోన్లో ఉంది. పెళ్లిళ్ల వీడియోలు తీసే నాగూర్ వలి ఆ రోజు మ్యాచ్ తీశాడుగా. వాళ్లమ్మాయి నగ్మా నా క్లాస్‌మేటు. పాత సీడీలో దొరికిందని పంపింది."

"ఆ సీడీ ఇంకా ఉందా? పారేయమన్నాంగా వలిని!"

"ఎందుకు పారేయమన్నారు?"

"ఊరికే. పాతదయ్యింది గదా. చూశావా నువ్వు?"

"నలభైసార్లు చూశా."

"సౌండు పెట్టుకునే చూశావా?"

"సౌండెందుకు? మా పనంతా మ్యూట్‌లోనే. అరుపులు వింటే కన్ను మోసపోద్దని మొదటి రోజే చెప్తారు. ఏ వీడియో అయినా అట్టానే చూడ్డం అలవాటైపోయింది."

"మంచిది. సౌండు వద్దులే. ఏముంది, మైకు గోల."

"ఇటు చూడు. కుట్టటం ఆపి చూడు బాబాయ్. ఇదిగో, వినుకొండ వాళ్ల కుర్రాడు కూతకొచ్చాడు. నాన్న తల వంచాడు. వాడి మోకాలు నాన్న కణతకి తగిలింది. చూశావా? నాన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. కక్కుకుంటున్నాడు. చేత్తో గాల్లో తడుముకుంటున్నాడు, కళ్లు కనపడనట్టు. నువ్వు పరిగెత్తుకొచ్చావు. రెండు చేతులూ పట్టుకున్నావు. లాగుతున్నావు. ఇదిగో... నాన్న లేచాడు. మళ్లీ ఆటలోకెళ్లాడు. మళ్లీ తల వంచాడు. ఇంకో మూడుసార్లు, నేను గుర్తులు పెట్టా."

"ఆ. మూడుసార్లు."

"నువ్వే లేపావు."

"అవునమ్మా. నేనే లేపా."

"కక్కుకుంటున్న మనిషిని! కళ్లు కనపడని మనిషిని!"

"అవును."

"కప్పు కోసమా?"

"కప్పు కోసమే. ఫైనలు గదా."

"ఛీ! బాబాయ్ అని పిలిచాను నిన్ను. పండక్కి మా ఇంట్లో అన్నం తిన్నావు. నాన్న తూలుతుంటే నువ్వే భుజం పట్టి బస్సెక్కించేవాడివి. నీ వల్లే తూలుతున్నాడని తెలిసీ ఎట్టా పట్టుకున్నావు ఆ భుజం?"

"తిట్టమ్మా. ఇంకా తిట్టు. నాకు పర్లేదు."

"రేపొస్తావా?"

"వస్తా. వదిన ముందు, మీ చుట్టాల ముందు చెప్తా. 'నా వల్లే పానకాలు అట్టా అయ్యాడు, తాగుడు వల్ల కాదు' అని చెప్తా. ఫొటో గోడకి పెట్టుకోండి. ఇక ఆ ఫోను లోపల పెట్టుకో."

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నావేంటి?"

"చేసింది చేశా. ఒప్పుకోక?"

"ఇక్కడ నీ నోరు కదులుతోంది. చేతులు పట్టుకుని ఏదో అంటున్నావు. ఏమన్నావు?"

"గుర్తులేదు."

"వింటే తెలుస్తదిగా."

"సౌండు పెట్టకు."

"ఏం?"

"పెట్టకమ్మా. ఒప్పుకున్నాగా? అందరి ముందూ చెప్తానన్నాగా? ఇంకేం కావాలి నీకు?"

"ఏం మాట చెప్పి లేపావో వినాలి. అది నాకు కావాలి."

"శ్రీరమ్యా! నీకు దణ్ణం పెడతా. ఆ ఫోను ఇటివ్వు. ఇవ్వమ్మా!"

"వదులు బాబాయ్! చెయ్యి వదులు!"

ఫోనులోంచి: "కూర్చోరా పానకాలూ! కూర్చో! కళ్లు తేలేస్తున్నావురా... వద్దు, ఇక వద్దు! ఓడిపోతే పోయాం, నువ్వు కూర్చో!"

"బాబాయ్, ఇది... నీ గొంతు."

"ఆపెయ్యమ్మా."

"కూర్చోమంటున్నావు. నువ్వు లాగింది లేపటానికి కాదు..."

"ఆపెయ్, నా మాట విను."

ఫోనులోంచి: "లే నాన్నా! నువ్వు అడవిదున్నవి గదా! నీకు నొప్పి పుట్టదు గదా! లే నాన్నా, లే!"

"ఈ పిల్లెవరు?"

"ఎవరో. జనంలో పిల్లలు..."

"ఎవరు బాబాయ్?"

"మీ అమ్మకి కెమెరా పక్కనే కుర్చీ వేశారు. నువ్వు ఒళ్లో ఉన్నావు. ఐదేళ్లు నీకు. ఐదేళ్ల పిల్లకి ఏం తెలుసమ్మా? మేమందరం అట్టా పిలుస్తుంటే నిజమనుకున్నావు. తప్పంతా పేరు పెట్టినోడిది. నాది."

"నేను లెమ్మన్నా."

"నువ్వనకపోయినా వాడు లేచేవాడే..."

"నేను లెమ్మంటే లేచాడు. చూడు, నా వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఇన్నిసార్లు చూశా, ఎవర్ని చూసి నవ్వాడో నాకు తెలియలేదు. బాబాయ్, నాన్నకి తెలుసా? తన తలకేమైందో?"

"నాలుగేళ్ల కింద డాక్టరు చెప్పాడు. నేనూ వదినా పక్కనే ఉన్నాం. బయటికి రాగానే ఇద్దరి చేతా ఒట్టేయించుకున్నాడు."

"ఏమని?"

"దెబ్బల సంగతి నీకు తెలిస్తే అద్దంకి గుర్తొస్తుందనో, ఎవరో చెప్తారనో వాడి భయం. 'అది మాత్రం వద్దురా, పిల్ల బతికినంత కాలం ఏడుస్తది' అన్నాడు."

"మరి తాగుడు? వాసన నేను చూశాగా. రోజూ వచ్చేది. ఆ బస్టాండులో కూడా వాసనొచ్చిందన్నారుగా!"

"వాడు చుక్క ముట్టలేదమ్మా. బస్సు టైముకి ఇక్కడికొచ్చి, నువ్వు కూర్చున్న ఆ బకెట్టు మీదే కూర్చుని, మందు సీసా తెరిచి చొక్కా మీద చల్లుకుని పోయేవాడు."