అడవి వైద్యురాలికి పన్నెండు ప్రాణాలు

సిరోంచలో ఆదివారం మధ్యాహ్నం. దవాఖాన నుంచి వచ్చి నాలుగు రోజులైన చెల్లెలు మంచం మీద కూర్చుని ఒక కాగితం చదువుతోంది. పాచికలేసి కథ నడిపే ఆటలో ఆమె కోసం అన్న కొత్తగా కల్పించిన పాత్ర వివరాలవి. మిగతా ఇద్దరు ఆటగాళ్లు, రాకేష్, ప్రతిభ, సాయంత్రం వస్తారు.

“అన్నా, అడవి వైద్యురాలికి నలభై ప్రాణాలు రాసినవ్. రాకేష్ యోధునికి పన్నెండే. ఏంది గిది?”

“వైద్యురాలు గదా, జర గట్టిగుండాలె.”

“దెబ్బ తాకినా మళ్ల నిండుతయట. అలసటే రాదట. ఇగ రాకేష్, ప్రతిభక్క ఏం జెయ్యాలె? నా ఎనక నడుసుడేనా?”

“వాళ్లేం అనుకోరు.”

“అనుకోరు. నాకు బీమారని ఊకుంటరు. గదే నాకు బాధ. ఎందుకు గిట్ల రాసినవ్?”

“నీకు రక్తం ఎక్కిస్తుంటే బయట బెంచీ మీద కూసోని రాసిన. భయమైనప్పుడల్లా ఒక్కో అంకె పెంచుకుంట పోయిన.”

“పిచ్చి అన్నా... రబ్బరియ్యి. పది చాలు. ఒకలకు మందిస్తే అలసి ఒక పూట కూసోవాలె.”

“పది మరీ తక్కువ. రెండు దెబ్బలకే పోతవ్.”

“పోతే ఇంకో పాత్ర రాసుకుంట. నన్ను గెలిపియ్యకు అన్నా, ఆడనియ్యి.”

“...పన్నెండు జేద్దాం. రాకేష్‌తోని సమానం.”

“సరే.”

సాయంత్రం ఆటలో మొదటి ఎలుగుబంటి ఆమె మీదికే వచ్చింది. అన్న ఎలుగుబంటి తరఫున పాచిక వేసి, చెయ్యి అడ్డం పెట్టకుండా అందరికీ చూపించాడు.

“నాలుగు పోయినయ్ చెల్లే.”

“ఇంక ఎనిమిదున్నయ్. ఇప్పుడు నా వంతు.”