నల్లగొండలో మంచు తోసే రెక్క

యాసంగి కోతల కాలం. నల్లగొండ దగ్గర ఒక చిన్న రైల్వే స్టేషన్ పక్క రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆగి ఉన్న ట్రాక్టర్ ముందు, పరదా కప్పిన ఏదో పెద్ద వస్తువు మీద గోవిందమ్మ కూర్చుని ఉంది. పక్కన రిటైరైన గ్యాంగ్‌మన్ జంగయ్య. ఎదురుగా బూట్లు వేసుకున్న ఒక కొత్త మనిషి.

“లేవను సారూ. మోకాళ్లు పట్టుకున్నయి.”

“ఒక్క నిమిషం లేవండమ్మా. ఆ పరదా కింద ఏముందో చూసి వెళ్లిపోతాను.”

“పరదా కింద ఏముంటది? ఇంకో పరదా ఉంటది. ఏం జంగన్నా, ఉంటదా లేదా?”

“ఉంటది చెల్లె. దాని కింద ఇంకోటి ఉంటది.”

“జంగయ్య గారూ, ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేసిన మనిషి, మీరు కూడానా? నా పేరు కృష్ణకాంత్. రైల్వే ఇన్‌స్పెక్టర్ని. మంచు తోసే పాత యంత్రాలు ఎక్కడెక్కడ పోయాయో వెతకడమే నా డ్యూటీ.”

“మంచా? గీడనా? గీడ బాటిల్ల నీళ్లే చాయ్ లెక్క కాగుతున్నయి సారూ!”

“ఇక్కడ కాదమ్మా. ఉత్తరాన కొండల్లో. అక్కడ ఇంజన్ ముందు ఇనప రెక్కలు కట్టి, పట్టాల మీది మంచును పక్కకు తోస్తారు. అలాంటివి మూడు పాతబడ్డాయి. ఒకటి మ్యూజియంలో ఉంది. ఒకటి కరిగించేశారు. మూడోది మీ స్టేషన్లో మాయమైంది.”

“మాయం కాలే!”

“జంగన్నా!”

“ఊకో చెల్లె. దొంగతనం మాట నా మీదికొస్తే ఊకుంటనా? ఇనుండ్రి సారూ. తెలంగాణ వచ్చిన మరుసటేడు. పాత ఇనుము మోసే బండి పోతాంది. ఒక వ్యాగన్ ఇరుసు కాలి పొగలొచ్చినయి. దాన్ని తప్పించి పక్క లైన్ల పెట్టిండ్రు. సరుకు దింపిండ్రు. ఇరుసు బాగు చేసిండ్రు. వ్యాగన్‌ను తోల్కపోయిండ్రు. సరుకు మరిచిండ్రు.”

“మీరు పైకి రాయలేదా?”

“పన్నెండు ఉత్తరాలు రాసిన. పదకొండింటికి జవాబు లేదు. పన్నెండోదానికి వచ్చింది.”

“ఏమని?”

“‘మీ దిక్కు మంచు పడదు. కాబట్టి మంచు తోసే యంత్రం మీ దగ్గర ఉండే వీలు లేదు. లేని వస్తువు గురించి మళ్లీ రాయొద్దు’ అని.”

“అందుకని వాడుకున్నారా?”

“లేనిదాన్ని ఎట్ల వాడుకుంటం సారూ?”

“మరి అందరి ఫోన్లలో తిరుగుతున్న ఆ వీడియో? ట్రాక్టర్‌కు ఇనప రెక్క, రెక్క మీద మీరు, రోడ్డు మీది వడ్లన్నీ కుప్ప! పది నిమిషాల్లో రెండెకరాల వడ్లు!”

“రెండు కాదు. నాలుగెకరాలయి.”

“నీ నోట్ల మన్నువడ, జంగన్నా!”

“తప్పు చెప్తుంటే దిద్దొద్దా చెల్లె?”

“అయితే ఉంది. రెండు రెక్కలూ ఉన్నాయా?”

“ఒకటి నర్సింహ గొర్ల దొడ్డికి గోడైంది. గొర్లకు దానికి వీపు గోక్కోకుంటే నిద్ర పట్టదు. గిదొక్కటే ట్రాక్టర్‌కు కట్టినం. మొదలు రెండూ కడితే ముందటి బరువుకు ఎనుక చక్రాలు గాలిల లేసినయి. సీట్ల ఉన్న పరమేష్‌ను నిచ్చెనేసి దింపినం.”

“ఇనుము తగిలితే గింజ పగలదా? నూక కాదా?”

“కింద పాత టైరు ముక్కలు కొట్టిచ్చినం. రైల్వే సారుకు నూకల ఫికరెందుకు?”

“రిపోర్టులో రాయాలి. నేలకు ఎంత ఎత్తులో బిగించారు? వేలెడా?”

“రెండు వేళ్లు. గిది గూడ రిపోర్టులనా?”

“చాలా ముఖ్యం. రెండు... వేళ్లు. సరే, నేను లారీ తెచ్చాను. ఇవాళే తీసుకెళ్తాను.”

“సారూ, నీ కాళ్లు మొక్కుత. పోయినేడు గిట్లనే వానొచ్చింది. నలుగురం చెక్కపలక గుంజంగ గుంజంగనే సగం వడ్లు మోరీల కొట్టుకపోయినయి. మిగిలినయి మొలకలెత్తినయి. గిప్పుడు నాలుగెకరాల పంట రోడ్డు మీదున్నది. రేపు కొనుగోలు సెంటర్ల కాంటా. గీ ఒక్క దినం ఆగు.”

“ఆగలేనమ్మా. ఇవాళ తీసుకెళ్లకపోతే నా ఉద్యోగం పోతుంది.”

“పోతదా?”

“పోతుంది.”

“పిల్లలున్నరా?”

“ఇద్దరు ఆడపిల్లలు.”

“అయ్యో. జంగన్నా, ఏం చేద్దాం?”

“అది తర్వాత చూద్దాం. ముందుగాల గా మబ్బు చూడు!”

“అవ్వో! దేవరకొండ దిక్కు నల్లగైంది!”

“గాలి లేసింది! లే చెల్లె, లే!”

“అమ్మా, మీ మోకాళ్లు?”

“మబ్బును చూసి బాగైనయి! గుంజుండ్రి పరదా! ట్రాక్టర్ ఎవరు తోల్తరు? రోజూ తోలే గిరిగాడు కాంటా కాడికి పోయిండు!”

“నాకు చెయ్యి వణుకుతది చెల్లె. గేరు పడది.”

“జరుగుండ్రి! నేను తోల్త!”

“సారూ, నీకు ట్రాక్టర్ వచ్చా?”

“ముచ్చట్లు వద్దు! ఎత్తు దిక్కు కుప్ప పొయ్యాలె, వాలు దిక్కు పోస్తే అడుగుకు నీళ్లొస్తయి. అక్కా, పరదా అంచుల మీద రాళ్లు పెట్టు! జంగన్నా, రెక్క మీద నిలబడు, బరువు గావాలె!”

“జంగన్నా, సారు మాట మారిందేందే?”

“గాలికి మారింది కావచ్చు! నిలబడ్డ సారూ, పోనియ్!”

“పట్టుకో జంగన్నా! మలుపుతున్న!”

“పట్టుకోనీకి ఏమున్నది సారూ? నా ధోతి తప్ప!”

“దాన్నే పట్టుకో!”

“చినుకులు! చినుకులు పడుతున్నయి!”

“అయిపోయింది అక్కా! కప్పు! గా మూల గుంజు! ఇంకా గుంజు! హా, గట్ల!”

“కొట్టుతాంది సారూ, రాళ్లేసినట్టు కొట్టుతాంది!”

“కొట్టనియ్యి. పరదా వదలకు.”

“ఎంతసేపు సారూ?”

“పట్టుకో, పట్టుకో... తగ్గుతాంది. పోతాంది. చెయ్యి లోపల పెట్టి చూడక్కా.”

“పొడి! జంగన్నా, పొడిగున్నయి! అడుగున గూడ పొడిగున్నయి!”

“తేమ పదిహేడు శాతం దాటది. రేపు కాంటాకు ఫికర్ లేదు.”

“సారూ, నిలువెల్ల తడిసినవు. నీ బూట్లు ఖరాబైనయి.”

“పోతే పోనియ్యక్కా.”

“జంగన్నా, గా రెక్క లారీకి ఎక్కియ్యి.”

“ఏందీ?”

“ఎక్కియ్యి. నా వడ్లు గట్టెక్కినయి. ఇద్దరాడపిల్లల తండ్రి, మన కోసం నౌకరి పోగొట్టుకోవద్దు.”

“మరి వచ్చే పంటకు?”

“పలక గుంజుదాం. ఇన్నేండ్లు గుంజలేదా? సారూ, తీస్కపో. సారూ! లారీ దిక్కు చూడవు, పోయే మబ్బు దిక్కు చూస్తవేంది?”

“అక్కా, నేను రైల్వే కాదు, ఇన్‌స్పెక్టర్ను కాదు. మాది కేతేపల్లి. వీడియో చూసి, గీ రెక్క కోసమే అబద్ధమాడిన. మా ఆరెకరాల వడ్లు రోడ్డు మీదనే ఉన్నయి, గా మబ్బు మా ఊరి దిక్కే పోతాంది!”