ఆంజి బోరు

కుందుర్పి దగ్గర ఒక పల్లె. పొద్దు వాలుతోంది. చేనిలో నీళ్లు పడని బోరు పక్కన, బండ మీద మారెప్ప. రాయదుర్గం బస్సు దిగి నేరుగా చేనికి వచ్చిన అతని కూతురు జ్యోతి.

“పని మానుకున్యానంటే ఏమ్మే? సెలవు పెట్టినావా, మానుకున్యావా?”

“మానుకున్యా నాయనా.”

“సూపర్‌వైజరు చేస్తామన్యారంటివి గదా పోయిన నెల.”

“అన్యారు. ఇంగెవరినన్నా చేసుకోండని చెప్పి వచ్చినా.”

“ఆడ ఎవురన్నా ఏమన్నా అన్యారా నిన్ను?”

“ఎవురూ ఏమన్లే. మంచోళ్లే.”

“మరి జీన్సు ప్యాంట్లు కుట్టి కుట్టి చేతులు నొచ్చినాయా?”

“చేతులు బాగుండాయి. రొంత జరుగు, నేనూ కూచుంటా ఆ బండ మీద.”

“ఈడొద్దు. గట్టు మీద కూచో.”

“ఇంత పెద్ద బండ, ఇద్దరం పట్టమా? అయినా ఇది యాడిది? పోయిన ఉగాదికి లేదే ఈడ.”

“కూచునేకి తెచ్చుకున్యా.”

“కూచునేకి ఇంత బండ కావల్లనా? పెండ్లి పందిట్లో చాప పరిచినట్ల ఉండాది.”

“ట్రాక్టరోడు దించి పోయినాడు. బండ సంగతి నీకెందుకు, నీ సంగతి చెప్పు. మీ యమ్మకు చెప్పినావా?”

“యాడ చెప్పేది? ట్యాంకరు కోసరం బిందెలు వరస పెట్టుకోని రోడ్డు మీద నిలబడుండాది. నన్ను చూసి ‘వచ్చినావా’ అనింది, మళ్లా రోడ్డు తట్టే చూడబట్టింది.”

“నిన్న గూడా రాలే ట్యాంకరు.”

“నువ్వు పోయి రొంతసేపు నిలబడొచ్చు గదా. సాయంత్రమైతే ఈడికొచ్చి కూచుంటావంట.”

“ఎవురు చెప్పినారు?”

“ఊరంతా చెప్తాది. మాట మార్చద్దు నాయనా.”

“మారుస్తాండేది నువ్వు. పనెందుకు మానుకున్యావు?”

“మా యూనిట్‌కు ఒకామె వచ్చింది బెంగళూరు నుంచి, పనోళ్లతో మాట్లాడేకి. మిషన్లన్నీ ఆపించింది. కండ్లు మూసుకోండి, ఏ పని చేసిన దినం మీకు ఆకలి తెలీలేదో దాన్ని తలుచుకోండి అనింది.”

“ఆకలి తెలీని పనా? అట్లాంటిది ఉంటే మనూరోళ్లకు గూడా చెప్పమను. బియ్యం మిగుల్తాయి.”

“మేమూ నగినాం. నా పక్క మిషను నాగలక్ష్మమ్మ ‘బిర్యానీ వండిన దినం’ అనింది. వండుతా వండుతానే సగం తినేసిందంట, ఇంగ ఆకలి యాడ తెలుస్తాది.”

“బాగుండాది. నువ్వేమన్యావు?”

“నేనేమన్లే. మిషన్ల సద్దు ఆగిపోయింది గదా, అదే తట్టుకోలేకపోయినా.”

“సద్దు లేకుంటే హాయి గదమ్మే.”

“నేను జీన్సు పనికి పోయిందే ఆ సద్దు కోసరం నాయనా.”

“అదేం మాట?”

“అన్ని మిషన్లూ ఒక్కసారి తిరుగుతాంటే ఇంగేమీ చెవుల్లోకి దూరదు. అందరూ తలనొప్పి అనేవాళ్లు. నాకు ఆడే నెమ్మదిగా ఉండేది. ఆదివారం మిషన్లు లేకుంటే రూములో ఫ్యానూ టీవీ రెండూ పెట్టుకునేదాన్ని. ఆ దినం ఆమె అన్నీ ఆపించింది. కండ్లు మూసుకున్యా. వినపడింది.”

“ఏం వినపడింది?”

“నీకు తెలుసు.”

“నాకేం తెలీదు.”

“తెలుసు నాయనా.”

“నీళ్లు తాగుతావా? బాటిల్లో రొంత ఉండాయి.”

“నువ్వు తాగు.”

“నేను తాగినాలే. ఇంగ చెప్పు, ఏ పని తలుచుకున్యావు?”

“బసప్ప మామ చేన్లో ఎండిపోయిన బోరుండాది చూడు, చింతచెట్టు పక్కన.”

“ఆడ నీళ్లుండాయని నేను పెట్టిన పాయింటే అది. టెంకాయ అరచేతిలో నిటారుగా లేచె. లేచి ఏం లాభం, దుమ్ము వచ్చె.”

“పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆ పక్క పోతాంటి. కేసింగు పైపు పెరుక్కోని పోయిండారు, ఇంగో బోరుకు వేసుకునేకి. బొక్క మీద కంప ఒకటి అడ్డం. మేకపిల్ల ఆ కంప తింటా తింటా లోపలికి మూతి పెట్టిండాది. దాన్ని తోలేసి, గట్టు మీది రాయి ఈడ్చుకొచ్చినా. ఒక్కదాన్నే. మూసేటప్పటికి పొద్దుగూకింది. చేతులన్నీ దోక్కపోయినాయి. పొద్దన్నుంచి ఏమీ తినలేదని ఇంటికొచ్చినాక గుర్తొచ్చింది. సంగటి తిని పండుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలే. లైటు ఆపేసి పండుకున్యా నాయనా. లైటు ఆపేసి.”

“మీ యమ్మ చెప్పిందిలే.”

“బెంగళూరామె కండ్లు మూసుకోమంటే ముందు వాని గొంతు వినపడింది. పారిపోదామనుకున్యా. ఆ ఎనకనే ఈ రాయి గుర్తొచ్చింది. బొక్క మీద అది కూచున్నప్పుడు అయిన సద్దు. అప్పుడు గుండె కుదుటపడింది.”

“అందుకని రాళ్లు ఈడుస్తావా బతుకంతా?”

“రాళ్లు గాదు, మూతలు. కళ్యాణదుర్గంలో వెల్డింగు షాపాయనతో మాట్లాడినా. ఇనప మూత, బోల్టులేసి బిగించేది. బోరు లారీ సురేంద్రన్న లేడా, ఆయన వేసిన బోర్లలో నీళ్లు పడనివన్నీ మూసే పని నాకే ఇస్తానన్యాడు. పాతవాటికి పంచాయతీ వాళ్లను అడుగుతాండా. ఇస్తామన్లే, లేదన్లే.”

“ఆడపిల్ల బోర్లెంబడి తిరుగుతాదా?”

“నువ్వు టెంకాయ పట్టుకోని తిరగలేదా? నువ్వు ముందు పోయి తెరిపించినావు, నేను ఎనక వచ్చి మూస్తా.”

“అట్లనొద్దు మ్మే.”

“ఎగతాళికి అన్లే నాయనా. శానా ఆలోచన చేసినా. బస్సులో, రూములో, మిషను మీద కూచోని. కుట్టేది నాకు బాగా వచ్చు. దుడ్లూ వస్తాయి. ఐనా సాయంత్రానికి ఏం చేసినానో ఒక్కటీ గుర్తుండదు, ప్యాంట్లు పోతానే ఉంటాయి. నేను మూసిన బోర్లు మాత్రం ఒక్కోటి గుర్తుండాది. పెద్దన్న మామ చేన్లోది, మాన్యంలోది, వంక గట్టున ఉండేది. నిద్ర రాకుంటే వాటిని తలుచుకుంటా. నాకు ఈ పనే కావల్ల.”

“ఐతే చెయ్యి. నన్నెందుకు అడుగుతాండావు?”

“నువ్వు లేకుంటే కాదు. యాడ యాడ ఎండిన బోర్లుండాయో ఎవురికి తెలుసు? కంప కింద కొన్ని, చెనక్కాయ చెట్ల మధ్య కొన్ని. పాయింట్లు పెట్టింది నువ్వు. నాతో వచ్చి చూపించు.”

“మోకాళ్లు నొప్పులు నాకు.”

“స్కూటీ మీద తీసుకపోతా.”

“టెంకాయ పట్టడం మానేసినాక ఆ చేన్లలో కాలు పెట్టలే నేను. వాళ్ల మొకాలు యట్ల చూసేది?”

“ఇప్పుడు మూసేకి గదా పోయేది. చూడొచ్చు.”

“సరేలే. చూపిస్తా. ఒక్కోటి చూపిస్తా.”

“ఇంగోటి ఉండాది.”

“ఏంది?”

“ఎవురిని అడిగినా ఒక్కటే మాట అంటాండారు. ‘బోరు నోరు మూస్తే గంగమ్మ పైకొచ్చేకి దావ ఉండదు, తెరిచి పెట్టండి అని చెప్పిందే మీ నాయన. కొడుకు పడి పోయిన బోరే ఆయన మూయలే, మేమెందుకు మూయల్ల?’ అని. బసప్ప మామ నేను పెట్టిన రాయి పక్కకు తోసేసి మళ్లా కంప పెట్టుకున్యాడు.”

“బసప్ప అట్ల చేసినాడా?”

“చేసినాడు. ఇది మూయందే నా పని నడవదు నాయనా.”

“ఏది?”

“ఇదే. ఆంజి బోరు.”

“ఇది కాదు.”

“మొదట ఇదే మూయల్ల.”

“కాదన్యా గదా. ఊర్లో ఉండేవన్నీ మూసుకో. దీని జోలికి రావద్దు. నువ్వే గాదు, ఎవురూ రాకూడదు ఈడికి.”

“ఎందుకు?”

“మూస్తే వానికి ఊపిరాడదు.”

“నాయనా.”

“పిచ్చోడంటారు. అననీ.”

“నేను అన్లే. బోరు మీద కప్పిన ఈ రేకుకు చిల్లులు పొడిచింది నువ్వేనా?”

“గాలి ఆడల్ల గదా.”

“నాయనా, వాడు పోయినాడు.”

“పోయినాడని తెలుసు. తెలిసే పొడిచినా. జేసీబీ పెట్టి ఎంత తవ్వినారు, కింద బండ తగిలె. ఇంగ మా చేత కాదన్యారు. పైన్నే పాలు పోయించి, పూలు వేయించి, గుంత పూడ్చినారు. నేను అడ్డం పడి ఈ పైపన్నా నిలబెట్టించినా. వాడు కిందనే ఉండిపాయ.”

“నేనూ ఆడే ఉంటి గదా.”

“నువ్వుంటివి. నేను లేను. ఎవురి చేన్లోనో టెంకాయ పట్టుకోని నిలబడుంటి. నేను వచ్చేటప్పటికి వాడు పలికేది మానేసిండె. ఊరంతా విన్యారు వాని గొంతు. నువ్వు విన్యావు. నేను ఒక్క మాట గూడా వినలే. అందుకే వచ్చి కూచుంటా. నాతో ఒక్క మాటన్నా మాట్లాడతాడేమో అని.”

“నాకేమో అది ఆగల్ల. నీకేమో అది వినపడల్ల.”

“నీతో ఏమన్యాడు? ఇన్నేండ్లలో నేను అడగలే, నువ్వు చెప్పలే.”

“బోరు బొక్క మీద నన్ను బోర్లా పండబెట్టి కాళ్లు పట్టుకున్యారు. వాడు నా గొంతుకే పలుకుతాండాడు, పిలుస్తానే ఉండు, ఆపితే నిద్రపోతాడన్యారు. నేను ఆపలే నాయనా. వాడే ఆపినాడు.”

“ఏమన్యాడమ్మా?”

“అక్కా అన్యాడు.”

“ఇంగ?”

“అక్కా అనే.”

“ఇంగేమో అనింటాడు. చెప్పు తల్లీ, నేను ఏడ్వను.”

“‘ఈడ చల్లగుండాదక్కా’ అన్యాడు.”

“చల్లగా?”

“ఊఁ. పైన ఎండ మండిపోతాండె. వాడు భయపడి ఏడుస్తాంటాడనుకుంటే, చల్లగుండాదక్కా, నాయనకు చెప్పు అన్యాడు.”

“నాకు చెప్పమన్యాడా?”

“చెప్పమన్యాడు.”

“నాకు.”

“నీకే. చెప్తే నువ్వు ఆడ నీళ్లుండాయనుకుంటావు, మళ్లా లారీ పిలిపిస్తావు అని భయమేసింది. చిన్నదాన్ని. పెద్దయినాక ఇంగ యట్ల చెప్పల్లనో తెలీలే.”

“చల్లగుండాదంట. నాయనకు చెప్పమన్యాడంట.”

“ఏడ్వనంటివి గదా.”

“ఏడ్వలే.”

“లే నాయనా, రొంత పక్కకు రా. నేనొకసారి చెవి పెట్టి వింటా. మూసే ముందర ప్రతి బోరుకూ చెవి పెడతా నేను. ఏమీ ఉండదు, ఖాళీ. ఆ ఖాళీ విన్యాకనే మూసేది.”

“దీనికొద్దు.”

“ఒక్కసారి.”

“వద్దు మ్మే. రేకు తీయొద్దు.”

“తీసినా.”

“జ్యోతీ, లేయి ఆడ్నుంచి.”

“గమ్మునుండు నాయనా. వినపడనీ.”

“విన్యావు గదా, ఇంగ లే.”

“సద్దేమీ లే. మొకానికి చల్లగా తగుల్తాండాది.”

“పొద్దుగూకితే అట్లే ఉంటాది. లే.”

“ఒక రాయి వేస్తా.”

“వద్దు. వానికి తగుల్తాది.”

“చిన్న గులకరాయి నాయనా.”

“చెప్తాండా గదా వద్దని. చెప్తాండా గదా.”

“వేసేసినా.”

“మ్మే.”

“నాయనా. నీళ్లుండాయి.”

“లేయి.”

“బుడుంగుమనింది నాయనా, నీళ్లు. లోతున గాదు, పైనే ఉండాయి. విన్యావా?”

“విన్యా.”

“నీకు ముందే తెలుసా?”

“పోయిన వానలకే తెలుసు. ఈడ కూచుంటే, టెంకాయ పట్టినప్పటి మాదిరి అరచెయ్యి జిల్లుమనె. ఎప్పుడో చచ్చిపోయిందనుకున్న చెయ్యి.”

“పోయిన వానలకా? ఊరంతా ట్యాంకరు కోసరం రోడ్డు మీద పడుంటే, అమ్మ ఆడ బిందెలు పెట్టుకోని...”

“తెలుసు.”

“మరి ఎవురికీ చెప్పలేదే?”

“చెప్తే తెల్లారేటప్పటికి మోటరు దింపుతారు. పైపేసి ఊరికంతా ఇస్తారు. బిందెల్లో పట్టుకుంటారు, సంగటి వండుకుంటారు. మీ యమ్మ గూడా పట్టుకుంటాది. వాని మీద నిలిచిన నీళ్లమ్మా అవి.”

“నాయనా, ఊరికి నీళ్లు లేవు.”

“లేవు. ఊరి మీద కోపం లేదు నాకు. తాగేది మాత్రం చూడలేను.”

“నన్ను రొంత ఆలోచన చేయనీ.”

“ఈ బండ కూచునేకి తెచ్చింది గాదు. మూసేకి తెచ్చినా. తెచ్చిన దినం నుంచి ఎత్తల్లని చూస్తాండా, వానికి ఊపిరాడదని చేతులు రాలే.”

“ఆడ ఎవురో వస్తాండారు, గట్టు మీద.”

“మీ యమ్మ. ట్యాంకరు రాలేదేమో, ఖాళీ బిందెలు ఊపుకుంటా వస్తాండాది. ఇంతసేపూ ఇదే నా పని అంటివే. ఆమె చూడకముందే మూయి తల్లీ.”