ఎర్రలైటూ, నా చెవీ

అధ్యక్షస్థానంలో ఉన్న మేనేజరుగారికి, గడియారం చూసుకోవడం మర్యాద కాదని ఓపిక పడుతున్న ముందు వరుస పెద్దలకు, షెడ్డు నుంచి చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చేసిన నా తోటివాళ్లకు, మూడో వరుసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారాలు.

నా వీడ్కోలు సభ కదా, ఇప్పటిదాకా నలుగురు మాట్లాడారు. వాళ్లు పొగిడిన ఆ మనిషెవరో గానీ, నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) బానెట్ మీద చెవి ఆనించి ఇంజిను జబ్బు చెప్పేస్తాడట, పరికరాలే అక్కర్లేదట. స్టోరుబాబుగారైతే నా చెవికి బీమా చేయించాల్సింది అన్నారు. నవ్వకండి బాబూ, ఆ మాట నేనూ ముప్పై ఏళ్లు నమ్మాను. మా షెడ్డులో ఆయిల్ ప్రెషర్ కొలిచే గేజీ ఒకటి గోడకు వేలాడుతూ ఉండేది. దాన్ని దించినవాణ్ని "ఏరా, చెవుడొచ్చిందా?" అని ఏడిపించడం మా అలవాటు. ఆ అలవాటు పెట్టింది నేనే.

నాలుగేళ్ల కిందట ఆఫీసు పాత డీజిల్ కారును డ్రైవరు షెడ్డుకు తెచ్చాడు. "మేస్త్రిగారూ, బండి వేడెక్కాక ఎక్కడైనా ఆగితే చాలు, ఆయిల్ ఎర్రలైటు వెలుగుతోంది. కాస్త రేసు ఇస్తే ఆరిపోతోంది. ఒకసారి గేజీ పెట్టి చూడండి" అన్నాడు. చేయాల్సిందేమిటో ఇక్కడున్న మేస్త్రిలందరికీ తెలుసు. ఆయిల్ మట్టం చూడాలి, ఆ లైటును వెలిగించే స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజీ బిగించాలి, ఇంజిను బాగా వేడెక్కనిచ్చి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. నేనేమో ఆయిల్ పుల్ల లాగి, నిండుగా ఉందని చూసి, చెవి ఆనించి, పెద్ద డాక్టరులా తల పంకించి, "స్విచ్ పోయింది, కొత్తది వచ్చేదాకా ఇది నిన్ను విసిగించదులే" అని వైరు పీకేశాను. లైటు ఆరిపోయింది. అంత తేలిగ్గా జబ్బు కుదిర్చినవాడు ఇంకొకడు ఉండడు. (నవ్వులు) అతను మళ్లీ గేజీ అని నసిగితే, "నడిపేది నువ్వు, చూసేది నేను" అన్నాను. షెడ్డంతా నవ్వింది. పాపం అతనూ నవ్వాడు, ఏం చేస్తాడు!

ఎనిమిదో రోజు ఎత్తు రోడ్డు మీద ఇంజిను బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల ఆయిల్ పంపు అరిగిపోయి ఉంది. స్విచ్ మాత్రం భేషుగ్గా ఉంది.

కాస్త మంచినీళ్లు తాగుతాను. (విరామం)

విచారణ చేసి రిపోర్టు ఇమ్మన్నారు. ఎవరిని? మహా నిపుణుణ్ని కదా, నన్నే! కారును షెడ్డుకు లాక్కొచ్చిన రోజు, ఎవరూ చూడకముందు నేను చేసిన మొదటి పని ఆ వైరు మళ్లీ తగిలించడం. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాశాను, "హెచ్చరిక లైటు సక్రమంగా పనిచేస్తున్నది, డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపినాడు" అని. మేస్త్రే వైరు పీకాడని అతను మొత్తుకున్నాడు. ఇంత గొప్ప చెవి ఉన్న నా మాట ముందు అతని మాట ఎవరి చెవికెక్కుతుంది? అతన్ని బండి మీంచి తీసేసి గేటు కాపలాకు వేశారు. నాలుగేళ్లుగా ఆ గేటులోంచే నేను పనికి వస్తున్నాను. ఇవాళ మీ బళ్లన్నీ బయట వరుసగా పెట్టించింది కూడా అతనే.

మళ్లీ స్టీరింగు పట్టుకోనివ్వమని అతను పెట్టుకున్న అర్జీ మేనేజరుగారి బల్ల మీద ఉంది. అతని సర్వీసు ఇంకో ఏడాదే. నా రిపోర్టు ఉన్నంతకాలం ఆ అర్జీ కదలదు.

సార్, ఇదిగోండి, నేను చేసినదంతా రాసి సంతకం పెట్టిన కాగితం. ఆ జ్ఞాపిక ఇవ్వాలో మానాలో ఇది చదివాక మీ ఇష్టం. మీరు తల దించుకోకండి సార్, సిగ్గుపడాల్సింది నేను. నాలుగేళ్లుగా పడుతూనే ఉన్నాను, కాకపోతే ఎవరికీ కనపడకుండా పడ్డాను.

ఇవాళ పొద్దున గేటు దగ్గర ఆగి, సభలో నిజం చెప్పబోతున్నానని అతనికి చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. అతనేమో, "ఆ రోజే గేజీ పెట్టి చూసుంటే ఇంజిను దక్కేదా మేస్త్రిగారూ?" అన్నాడు. దక్కేదన్నాను. "చూడ్డానికి ఎంతసేపు పట్టేది?" అన్నాడు.

"అరగంట."

"అరగంటేనా!" అని, నాకు గేటు తీశాడు.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మేనేజరుగారు కాగితం మడత విప్పుతున్నారు కనుక ఇక నా మాటలతో పనిలేదు. సెలవు.