రెండు రోజులు ఆగిన మోటారు

చెల్లెలు సంచిలో బట్టలు కుక్కుతోంది. నీళ్ల సీసాల ఫ్యాక్టరీలో మోటారు నడిపే అన్న గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు.

"నా మీద కోపంతో ఊరొదిలి పోతావా?"

"మీ ఫ్యాక్టరీ బోరు తోడేసి నా బావి ఎండింది, నర్సరీలో మొక్కలన్నీ మాడిపోయాయి. ఖాళీ కుండీలు కడుక్కుంటూ కూర్చోమంటావా? దేంతో కడగను?"

"సర్కారు వాళ్లొచ్చి కొలిచారు కదమ్మా. నీళ్లు బాగానే ఉన్నాయని రాశారు."

"వాళ్లు రావాలని ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగి అర్జీ పెట్టింది నేను. తీరా మీ బోరులోకి టేపు దించేసరికి నీళ్లు పైకొచ్చి కూర్చున్నాయి. ఎలా వచ్చాయన్నయ్యా?"

అతను గుమ్మం మీది సున్నం గోటితో గీకాడు.

"రేయింబవళ్లు మోగే మీ మోటారు, సరిగ్గా వాళ్లొచ్చే ముందు రెండు రోజులే ఎందుకు మూగబోయింది?"

"మేనేజరు ఆపమన్నాడు. రిపేరేమో అనుకున్నాను."

"మోటారు ఆపితే బోరులో నీళ్లు ఊరతాయని నీకు తెలీదా? నా బావి తవ్వించినప్పుడు ఆ సంగతి నాకు చెప్పింది నువ్వే."

"తెలుసు."

"మరి వాళ్లు కొలుస్తుంటే పక్కనే నిలబడి ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"ఆ ఆఫీసరు నన్నడగలేదు."

"నేనడుగుతున్నాను. ఇప్పుడొచ్చి ఆ మాట రాసిస్తావా?"

"కాస్త ఆలోచించుకోనీ తల్లీ. సంచి ఇటివ్వు, బస్సు దాకా మోస్తాను."

"నువ్వు మోయగలిగింది అదొక్కటే. వద్దులే."

ఆ మాట అతను మూడేళ్లకు రాసిచ్చాడు. మోటారుకు సీలు పడింది, బావిలో మళ్లీ నీళ్లూరాయి. ఆ రోజు వెళ్లిన చెల్లెలు మాత్రం తిరిగి రాలేదు.